వంతెన చరిత్రలో ఏడో గడి

ఇబ్రహీంపట్నం,
9 ఫిబ్రవరి 2025

రూతక్కకు,

ముందుగా, మీ కాన్వెంటులో ఈ కవరు చింపి నీకంటే ముందు చదివే సిస్టరుగారికి నమస్కారం. అమ్మా, ఇందులో మా అక్క మనసు చెదిరే సంగతులేమీ లేవు. ఒక రాతి వంతెన, కొంత సున్నం ఉన్నాయి. చదువుకుని మళ్ళీ అంటించగలరు.

అక్కా, అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాశాను. అమ్మ తింటోంది. తాత తిననని చెప్పి, మేం చూడనప్పుడు మురుకులు తింటున్నాడు. నేను రెండు పూటలా తింటున్నాను. రుచి మాత్రం అడక్కు. నాలుక ఎవరిదో తెచ్చి నా నోట్లో పెట్టినట్టుంది.

ఇక శుభవార్త. 'హిస్టరీల ఎం.ఏ. చేసి ఏం జేస్తవ్ రా' అని మన ఊరు మూడేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నకు ప్రభుత్వమే జవాబు చెప్పింది. నేను కంప్యూటర్ ఆపరేటరుగా చేరిన రోడ్ల ఆఫీసులో మా ఇంజినీరు దుర్గేష్ సారు మొన్న నన్ను పిలిచారు. ఆయనది కాకినాడ వైపు. బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని పదేళ్ళయినా ఆయన మాటలో 'అండి' అరగలేదు.

"మీరు హిస్టరీ కదండీ? మీ ఊరి వాగు మీద పాత రాతి వంతెన ఉందంట కదా. దాని చరిత్ర రాసిపెట్టండి. ఎనిమిది గడుల ఫారం. నింపేస్తే చాలండి."

దాని పక్కనే కొత్త వంతెన వస్తోందిగా. పాతదాన్ని ఏం చేయాలని పైవాళ్ళు అడిగారట. చరిత్ర ఘనమైనదైతే బోర్డు పెట్టి మనుషులు నడవడానికి ఉంచుతారు. ప్రమాదకరమని తేలితే కూల్చేస్తారు. అంటే ఐదు కమానుల ఒక ముసలి వంతెన ప్రాణం ఇప్పుడు నీ తమ్ముడి కలం మొనన ఉంది. నవ్వకు.

తాతను ఎదుట కూర్చోబెట్టి సాక్ష్యం తీసుకున్నాను.

"మా నాయిన సిన్నగున్నప్పుడు కట్టిన్రు, నిజాం జమానల," అన్నాడు. "గానుగల సున్నం నూరుతుంటె బెల్లం నీళ్ళు పోసేటోళ్ళు. పోరగాళ్ళు పోయి గా సున్నం నాకేటోళ్ళట. నోరంత పొక్కిపోయేది."

"మరి మళ్ళీ పోలేదా?"

"ఎందుకు పోరు? బెల్లం గద."

ఐదో గడిలో 'నిర్మాణ సామగ్రి: నల్లరాయి, డంగు సున్నం, బెల్లం, పిల్లల నాలుకలు' అని రాశాను. సారు చివరి రెండు మాటలు కొట్టేశారు. ఆరో గడి మరమ్మతులు. లారీ గుద్ది దిగువ పక్క పిట్టగోడ పోయిందని, ఇరవై ఏళ్ళుగా కట్టలేదని రాశాను. ఏడో గడి 'వంతెనపై జరిగిన ప్రమాదాలు, ప్రాణనష్టం'. దాన్ని తర్వాత చూద్దామని ఎనిమిదికి పోయాను. అది 'ఇతర విశేషాలు'. గబ్బిలాలు ఉన్నాయని రాశాను.

ఇట్లు,
వంతెనల చరిత్రకారుడు, తాత్కాలిక ప్రాతిపదికన,
సుశాంత్


24 ఫిబ్రవరి 2025

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇస్తూ సిస్టరుగారు నవ్వారు. నేను వచ్చినప్పటి నుంచి ఆమె నవ్వగా చూడటం ఇదే మొదలు. ఈ శిక్షణ ఏడాదంతా ఫోను ముట్టకూడదు కాబట్టి నువ్వు రాసిందే నాకు ఇల్లు. ఎక్కువ రాయి.

ఏడో గడి దగ్గరికి వచ్చేసరికి నేను చదవడం ఆపాను. మళ్ళీ వంట అయ్యాక చదివాను. సెప్టెంబరులో మన బాపు పోయింది ఆ వంతెన మీదే కదా. నన్ను ఒక్కరోజుకే పంపారు. వచ్చి, మట్టి వేసి, బస్సెక్కాను. ఎట్లా జరిగిందని అడిగే వ్యవధి లేదు, తమంతట తాముగా నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు బాపు కథను సర్కారు కాగితం మీద రాస్తున్నావని చదివి మంచిగా అనిపించింది.

రాసేముందు నాకు రెండు సంగతులు కావాలి. అంత వరదలో బాపు వాగు దాటబోయింది ఎందుకు? అప్పుడు చేతిలో ఏముంది? జూలై 22న సిస్టరుగా దేవుని ముందు నా మొదటి మాటపట్టు. ఇది తెలియకుండా అక్కడ నిలబడి మాట ఇవ్వలేను.

ఇక్కడ నాకు వంటింటి పని. రోజూ ఐదు కిలోల ఉల్లిగడ్డలు కోస్తాను. పక్కనున్న అందరికీ కళ్ళ నీళ్ళు కారతాయి. నాకు కారవు. కత్తి మంచిదని అనుకుంటున్నారు.

తాతను నిజంగానే తినమను.

రూత్


ఇబ్రహీంపట్నం,
16 మార్చి 2025

అక్కా,

నేను రాస్తున్నది వంతెన చరిత్ర. బాపు చరిత్ర కాదు. ఏడో గడి ఖాళీగా ఉందని రాశానే తప్ప నింపుతున్నానని రాయలేదు. నువ్వే నింపేసుకున్నావు.

ఇప్పుడు ఊళ్ళో జరిగిన మహాఘట్టం విను. సారు ఇద్దరు కుర్రాళ్ళను పంపి వంతెన రాళ్ళన్నిటికీ తెల్లరంగుతో నెంబర్లు వేయించారు. చరిత్ర అంటే ఇంత శ్రద్ధా అని నేను మురిసిపోయాను. కాని మన దిక్కున రాయికి తెల్లరంగు నెంబరేస్తే దాని అర్థం ఒక్కటే కదా, ప్లాటు. పొద్దున ఎనిమిదింటికి సత్తమ్మ కర్ర పట్టుకుని వచ్చింది.

"గిది ఏ వెంచర్ రా?"

"వెంచర్ కాదు సత్తమ్మా. వంతెన."

"వంతెన నేను పుట్టకముందుకెల్లి ఉన్నది. నెంబర్లు ఇప్పుడెందుకేసిన్రు? మా చేన్ల గిట్లనే ముందుగాల నెంబర్ల రాళ్ళేసిన్రు. మల్ల నన్నే లోపటికి రానియ్యలే."

"ఇది చరిత్ర కోసం."

"గజం ఎంత?"

"ఏది?"

"గదే, చరిత్ర."

నేను నోరు తెరిచేలోపే ఆమె నలభై ఒకటో నెంబరు రాయి మీద కూర్చుంది. తూర్పు ముఖమట, కలిసొస్తుందట. మధ్యాహ్నానికి పన్నెండు కుటుంబాలు సద్ది డబ్బాలతో వచ్చి పన్నెండు రాళ్ళు పట్టాయి. ఇద్దరు అన్నదమ్ములు అరవై మూడో రాయిని మధ్యకు పంచుకోబోయి కొట్టుకున్నారు. నేను గంటసేపు ఉపన్యసించాను. చరిత్ర అమ్మకానికి ఉండదని, నెంబర్లు రాళ్ళను గుర్తుపట్టడానికేనని. ఒక్కరూ లేవలేదు. కడుపు పట్టుకుని నవ్వాల్సిన సంగతి. నవ్వాలని గుర్తుంది, అంతే.

ఇక నీ ప్రశ్నలు. పోలీసు రాసుకున్నట్టు అడిగావు. బాపు చేతిలో ఏముంటుంది? పంచాయతీ వాటర్‌మ్యాన్ చేతిలో వాల్వు తిప్పే ఇనుప చావి ఉంటుంది. ట్యాంకు వాగు అవతల గుట్ట మీద ఉంది కాబట్టి వాగు దాటాలి. రోజూ ఐదింటికి పోయి వాల్వు తిప్పి, తిరిగొస్తూ ఆ చావితో ఎగువ పక్క పిట్టగోడ మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. ఊరంతా బిందెలు బయట పెట్టేది. నీకు తెలియనిదా? బాపు పనిలోకి కొత్తగా వచ్చిన కిష్టా వాట్సాప్‌లో 'నీళ్ళు వచ్చినవి' అని పెడతాడు, ఒక దండం బొమ్మతో.

చేతిలో ఏముందని నువ్వెందుకు అడిగావో నాకు అర్థమైంది. ఆ పొద్దు ఆ చావి ఎవరి చేతిలో ఉండాల్సిందో నీకెవరో చెప్పారు. చెప్పినవాళ్ళనే మిగతాది అడుగు.

సుశాంత్


3 ఏప్రిల్ 2025

సుశాంత్,

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇక్కడికి నువ్వు తప్ప ఉత్తరం రాసేవాళ్ళే లేరు. నీకెందుకు కోపం వచ్చిందో నీ ఉత్తరం మూడుసార్లు చదివినా తెలియలేదు.

ఏదో దాస్తున్నావని మాత్రం తెలిసింది. బాపు తాగి ఉన్నాడా? అట్లయినా రాయి. నాకోసం తాగుడు మానేశానని నేను వచ్చేముందు ఒట్టు పెట్టాడు. ఒట్టు తప్పినా ఫరవాలేదు, తప్పాడని తెలిస్తే చాలు. తాత చెప్పొద్దన్నాడా? అమ్మ వద్దందా?

సత్తమ్మ సంగతి భోజనాల దగ్గర చదివి వినిపించాను. అందరూ నవ్వారు. నేను కూడా అందరితో పాటు నోరు తెరిచాను.

రూత్


ఇబ్రహీంపట్నం,
21 ఏప్రిల్ 2025

అక్కా,

బాపు తాగలేదు. ఆ మాట మళ్ళీ రాయకు. ఒట్టు పెట్టినప్పటి నుంచి బాపు చాయ్ తప్ప తాగలేదు. చాయ్ మాత్రం ఇద్దరిది తాగేవాడు.

తాత చెప్పొద్దన్న మాట నిజమే. కాని నీకు కాదు, ఆఫీసుకు. ఏడో గడి గురించి ఇంట్లో అసెంబ్లీ జరిగింది. అధికార పక్షం తాత.

"ఏడో గడిల ఏం రాయకు," అన్నాడు. "నీ అయ్య పేరు రాస్తె గది కూలగొడ్తరు. మా నాయిన నాకిన సున్నం రా అది. నా కొడుకు పోయిండు. గదన్న ఉండని."

ప్రతిపక్షం అమ్మ. అమ్మ నోటి నుంచి నెలకొక వాక్యం వస్తుంది. ఏప్రిల్ వాక్యం ఇది: "మనిషి పోయిండు. పోలేదని ఎట్ల రాస్తవ్?"

తాత లేచి బయటికి పోయాడు. అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. సభ వాయిదా పడింది. నేను గడిలో ఒక అడ్డగీత పెట్టి సారుకు ఇచ్చాను. వెంటనే తిరిగొచ్చింది.

"గీతలు ఒప్పుకోరండి. లేవు అంటే లేవు అని రాయండి. ఉంటే తేదీ, పేరు, కారణం, మూడూ రాయాలి."

"కారణం తప్పదా సార్?"

"తప్పదండి. అదే కదా వాళ్ళకు కావాల్సింది."

ఫారం నా బల్ల సొరుగులో ఉంది. నెలాఖరు దాకా గడువు అడిగాను. ఇచ్చారు. మళ్ళీ అడుగుతాను, మళ్ళీ ఇస్తారు. సర్కారులో దయ అనేది ఉంటే అది గడువు రూపంలోనే ఉంటుంది.

నిన్న ఈస్టర్ కదా. బాపు సమాధికి సున్నం వేశాము. బ్రష్ నేనే పట్టాను. బాగా కుదిరింది.

సుశాంత్


10 మే 2025

తమ్ముడూ,

నువ్వు చెప్పడం లేదు కాబట్టి నేనే చెప్తాను.

ఆగస్టు చివరలో బాపుకు ఉత్తరం రాశాను. నా జ్ఞానస్నానం సర్టిఫికెట్ కావాలి, సోమవారానికల్లా అందాలి, లేకపోతే నన్ను వెనక్కి పంపేస్తారేమోనని రాశాను. వెనక్కేం పంపరు. బాపు ఏ పనైనా తాత్సారం చేస్తాడని, భయపెడితే తొందరగా కదులుతాడని అట్లా రాశాను. సోమవారం సర్టిఫికెట్ రాలేదు. కబురు వచ్చింది.

ఆ ఆదివారం పొద్దున బాపు దాన్ని పట్టుకుని నా దగ్గరికే బయలుదేరాడని నేను అనుకుంటున్నాను. బస్సు పట్టుకోవాలంటే వాగు దాటాలి కదా. అందుకే చేతిలో ఏముందని అడిగాను. నువ్వేమో చావి గురించి రాశావు. అది రోజూ ఉండేదే కాబట్టి రాశావా, ఆ రోజు నిజంగా చావే ఉందా? సర్టిఫికెట్ వాగులో పోయిందా? తర్వాత ఇక్కడివాళ్ళు చర్చి నుంచి ఇంకో కాపీ తెప్పించుకున్నారు. ఎంత తేలికగా వచ్చిందో.

ఎనిమిది నెలల నుంచి ప్రార్థనలో మోకరిస్తున్నాను. ఏమీ అనిపించదు. బాపును నేనే చంపానని ఉంది. దాని కింద ఏమీ లేదు. ఇట్లాంటి దాన్ని వాళ్ళు సిస్టరుగా ఎట్లా తీసుకుంటారు? బాపు నాకోసమే వచ్చి ఉంటే నేను ఇక్కడ ఉండను.

నిజం రాయి. జోకులు వద్దు.

రూత్


ఇబ్రహీంపట్నం,
25 మే 2025

అక్కా,

నీ సర్టిఫికెట్ ఇంట్లోనే ఉంది. బియ్యం డబ్బా మీద, ప్లాస్టిక్ కవర్లో. సోమవారం పోస్టు చేద్దామని బాపే పెట్టాడు. అది సోమవారానికి అందాలన్న సంగతి బాపు పట్టించుకున్నట్టు లేదు. నువ్వు ఎంత భయపెట్టినా తాత్సారమే చేశాడు. నిన్న నేను మళ్ళీ చూశాను. అక్కడే ఉంది, తడవలేదు. బాపు నీ దగ్గరికి రావడం లేదు. నీకోసం పోలేదు.

నాకు బదులు పోయాడు.

శనివారం బాపు మోకాలు వాచింది. "రేపు పొద్దుగాల నువ్వు పోయి వాల్వు తిప్పు," అన్నాడు. సరేనని చావి తీసుకుని గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. సాయంత్రం బడంగ్‌పేట్‌లో దోస్తు గదికి పోయి, వాన పెరిగితే అక్కడే ఉండిపోయాను. వాన వల్ల అని ఊళ్ళో చెప్పాను. వాన కాదు. రావాలంటే రావచ్చు.

ఆదివారం ఆరున్నరకు బాపు ఫోను చేశాడు. "ఏడున్నవ్ రా? నీళ్ళు రాలేదని అందరు ఇంటి మీదికొస్తున్నరు," అన్నాడు. చెరువు అలుగు దుంకుతోందని, వంతెన మీద మోకాలి లోతు పారుతోందని నాకు తెలుసు. అప్పటికే వీడియోలు వచ్చాయి. పోకు బాపు అని ఒక్క మాట అనొచ్చు.

"వాగు నిండ నీళ్ళే గద బాపు. తలా ఓ బిందె ముంచుకొమ్మను," అన్నాను.

మంచి జోకు. ఇప్పటికీ మంచి జోకే. గదిలో దోస్తు కూడా నవ్వాడు.

గుమ్మం దగ్గర నేను పెట్టిన చావి తీసుకుని బాపు పోయాడు. పిట్టగోడ లేని చోట జారాడు. మూడో రోజు దొరికిన సంగతి నీకు తెలుసు. నువ్వు చేతిలో ఏముందని అడిగినప్పుడు నీకు ఇదంతా తెలిసిపోయి అడుగుతున్నావనుకున్నాను. అందుకే అట్లా రాశాను.

మంగళవారం ఏడో గడి నింపాను. తేదీ: 1 సెప్టెంబరు 2024. పేరు: యోహాను, పంచాయతీ వాటర్‌మ్యాన్. కారణం: కొడుకు వెళ్ళకపోవడం.

సారు చదివి కళ్ళజోడు తీశారు. "కారణం అంటే వరద అని రాయాలండి."

"వరద అందరికీ వచ్చింది సార్."

ఆయన పెన్ను మూత తీశారు. ఆఖరికి కొట్టేయలేదు. సంతకం చేసి ఫైల్లో పెట్టారు.

తాతకు నేనే చెప్పాను, రాసిన మాటా, నా మాటా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చిల్లర ఇచ్చి మురుకులు తెమ్మన్నాడు. అమ్మకు ఇంకా చెప్పలేదు.

సుశాంత్


9 జూన్ 2025

సుశాంత్,

నీ ఉత్తరం ఈసారి సిస్టరుగారు చింపలేదు. కవరు మీద నీ చేతిరాత వంకరగా ఉందని, ముందు నన్నే చదువుకోమన్నారు.

చదివాక ఆ మధ్యాహ్నం నిద్రపోయాను. రాత్రి ప్రార్థనకు కూడా లేపలేదట. లేచాక, నువ్వు అది రాసి పంపితే నేను హాయిగా నిద్రపోయానని సిగ్గేసింది. నా మీది బరువు తీసి నీ మీద పెట్టుకున్నావు. అది ముందునుంచీ నీ మీదే ఉందేమోనని నేను అడగలేదు. అక్కను.

కోపం వస్తుందేమోనని వారం రోజులు చూశాను. రాలేదు. నిన్ను ఓదార్చే మాట వస్తుందేమోనని చూశాను. అదీ రాలేదు. రానిదాన్ని వచ్చినట్టు రాయను.

ఒక్కటి మిగిలింది. నువ్వు ఆ మాట అన్నాక బాపు ఏమన్నాడు? నువ్వు రాయలేదు. కోపంగా ఫోను పెట్టేశాడా? నొచ్చుకుని పోయాడా? ఎట్లాంటి మనసుతో పోయాడో తెలిస్తే నేను 22న నిలబడగలను. నీకు కూడా అది ఎవరికో ఒకరికి చెప్పాల్సి ఉంటుంది. నాకు చెప్పు.

అమ్మకు కూడా చెప్పు.

రూత్


ఇబ్రహీంపట్నం,
24 జూన్ 2025

అక్కా,

ముందు వంతెన సంగతి. విప్పుతున్నారు. నేను సారు దగ్గరికి పోయి, నా ఏడో గడి వల్లేనా అని అడిగాను. ఆయన ఇబ్బందిగా నవ్వారు.

"కాదండి. అది జనవరిలోనే తేలిపోయింది. ఫైల్లో ఒక చరిత్ర ఉండాలి, అందుకని రాయించాం. మీరు లేవు అని రాసినా ఇంతేనండి."

రాళ్ళను ఎవరో కొత్త వెంచరువాళ్ళు గేటు కట్టుకోవడానికి కొన్నారు. నెంబర్లు వేసింది వరుస తప్పకుండా మళ్ళీ పేర్చుకోవడానికి. అంటే పన్నెండు కుటుంబాలకు అర్థమైంది, ఎం.ఏ. చదివినవాడికి అర్థం కాలేదు. సత్తమ్మకు చెప్తే "నేను చెప్పలేదా?" అని కూడా అనలేదు. నలభై ఒకటి లారీ ఎక్కేదాకా చూసి ఇంటికి పోయింది. తాత రెండు కమానులు విప్పేదాకా నిలబడ్డాడు. తర్వాత కాళ్ళు గుంజుతున్నాయని వచ్చేశాడు.

ఇక నువ్వడిగింది.

బాపు నవ్వాడు. అట్లాంటి ఇట్లాంటి నవ్వు కాదు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "నీ నోట్ల మన్నువడ," అన్నాడు నవ్వుతూనే. పక్కనెవరికో నా జోకు మళ్ళీ చెప్పాడు, వాళ్ళు కూడా నవ్వడం వినిపించింది. కోపం లేదు. నొచ్చుకోలేదు. అందుకే నీకు రాయలేదు. తిట్టి పోయి ఉంటే ఎట్లాగో మోసేవాణ్ణి. దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత, "మోకాలు పట్టేసింది, మెల్లగ పోతున్న. మీ అమ్మ చర్చికి పోయింది, జర లేటయితదని ఫోన్ చేసి చెప్పు," అన్నాడు. సరే అని ఫోను పెట్టేసి మళ్ళీ పడుకున్నాను. అమ్మకు ఫోను చేయలేదు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. అమ్మ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ముందు నా సంగతంతా చెప్పాను, చావి, బడంగ్‌పేట్, జోకు. చేట ఆపలేదు. ముందే తెలుసో తెలియదో ముఖంలో ఏమీ లేదు. ఆఖర్న అన్నాను:

"అమ్మా, లేటయితదని నీకు చెప్పమన్నడు బాపు."

చేట ఆగింది.

"ఎప్పుడన్నడు?"

"ఆ పొద్దే. ఫోన్ల. నేను చెప్పలే."

ఒక రాయి ఏరి బయటికి విసిరింది. ఇంకోటి దొరికింది, అదీ విసిరింది.

"నాకు చెప్పకుండ పోయిండని గప్పటికెల్లి తిట్టుకుంటున్న," అంది. చేట ఒళ్ళో పెట్టుకుని వీధి వైపు చూసింది.

"చెప్పే పోయిండన్నట్టు," అంది.

సుశాంత్